కర్నల్ కొఠారి కనకయ్య నాయుడు

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున పోవు బాటలో రుషికొండ యున్నది. ఒకవైపు ఎఱ్ఱమట్టి కొండ, వేరొకవైపు కెరటములు, నడుమ విశాలమైన ఇసుకతిన్నె. అల వెనుకకు తీసినప్పుడు గట్టిపడిన తడి ఇసుకలో మూడు కఱ్ఱలు పాతి, సాయంకాలములందు బాలురు క్రికెట్టు ఆడుచుందురు. బంతి నీటిలో పడినచో అది సిక్సరా, లేక ఆటగాడు ఔటయినట్లా యని తగవులాడుకొందురు. అచటికి కొంత దూరమున, కొండల కావల, మధురవాడ చెంత పోతినమల్లయ్యపాలెమున గొప్ప క్రికెట్ క్రీడారంగ మున్నది. 2005వ సంవత్సరము ఏప్రిల్ నెలలో పాకిస్తానుపై మహేంద్రసింగ్ ధోని 148 పరుగులు చేసిన దచ్చటనే. ఇసుకలో ఆడు బాలురును, ఆ రంగమున ఆడు వీరులును ఎరుగవలసిన తెలుగువాని పేరొకటి కలదు. ఆయన జీవితమంతయు తెలుగునాటికి వెలుపలనే గడచినది. ఏబదియెనిమిదేండ్ల వయసున మాత్రము ఆంధ్రుల తొలి జట్టునకు నాయకుడుగా వచ్చి నిలిచెను. లోకము సి. కె. నాయుడు అని పిలిచిన కొఠారి కనకయ్య నాయుడే ఆయన.

కనకయ్య 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. వీరి పూర్వులు బందరు ప్రాంతము నుండి వలసపోయినవారని చెప్పుదురు. తాత నారాయణస్వామి నాయుడు నాగపురమున న్యాయవాదిగా పేరొందినవాడు. భూములు, గ్రామములు కలవాడు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండు పోయి కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రము చదివి వచ్చి, ఇందూరును ఏలుచుండిన హోల్కరు సంస్థానమున న్యాయమూర్తిగా పనిచేసెను. ఇంట చదువునకు కొదువ లేదు. ఆటకు అడ్డు లేదు. నాగపురమునందలి హిస్లాప్ పాఠశాలలో చదువుకొనునప్పుడే కనకయ్య పాఠశాల జట్టునకు నాయకుడయ్యెను. పొడగరి, బక్కపలుచని దేహము, పొడవైన చేతులు, సైనికుని వలె నిటారుగా నడచెడివాడు. బంతిని కొట్టునప్పుడు ఆ చేతులు చుట్టి తిరుగు తీరును చూచుటకే జనులు వచ్చెడివారట.

ఆ దినములలో మన దేశమునందు క్రికెట్టున గొప్ప పోటీ యన్నచో బొంబాయి పోటీయే. ఐరోపీయులు, పార్శీలు, హిందువులు, మహమ్మదీయులు అను నాలుగు జట్టులు ప్రతి సంవత్సరము అందు తలపడుచుండెను. మతమునుబట్టి జట్టులను కూర్చుట తగదని తరువాతి కాలమున గాంధీమహాత్ముడు మొదలగువారు ఆక్షేపించిరి. 1946తో ఆ పోటీ నిలిచిపోయెను. అది ఆగిపోవుటయే మేలు. కాని భారతీయ యువకులు తమ సత్తువను దొరలయెదుట చూపుకొనుటకు అప్పుడు వేరు వేదిక లేకుండెను. 1916లో ఇరువది యొక్క యేండ్ల కనకయ్య హిందువుల జట్టున చేరి ఐరోపీయులపై ఆడెను. జట్టు 79 పరుగులకు ఏడు వికెట్టులు పోగొట్టుకొన్నప్పుడు తొమ్మిదవవాడుగా ఆయన బ్యాటు పట్టి వచ్చెను. ఎదుట బంతి వేయుచున్నవాడు ఫ్రాంక్ టారంట్ అను ప్రసిద్ధుడు. మొదటి మూడు బంతులను కనకయ్య అణకువతో ఆపెను. నాలుగవ బంతిని సిక్సరు కొట్టెను.

పది సంవత్సరములు గడచెను. ఆ నడుమ 1923లో హోల్కరు మహారాజు నాయుడును ఇందూరునకు రప్పించి, తన సైన్యమున కెప్టెను పదవి నిచ్చెను. తరువాత కర్నలు పదవియు ఆయనకు వచ్చినది. నాటి నుండి కడపటి వరకు ఇందూరే ఆయనకు స్వస్థలము.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకుడుగా ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు మనదేశమునకు వచ్చెను. ఊరూర వారిదే పైచేయి. బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో వారాడిన ఆటలో 363 పరుగులు చేసిరి. అందు గై ఎర్ల్ అను ఆటగాడు ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేసి, చూపరుల నోళ్ళు మూయించెను. డిసెంబరు 1వ తేదీన నాయుడు బ్యాటు పట్టెను. మొదట వచ్చిన మంచి బంతినే ఎత్తి కొట్టెను. అటుపిమ్మట ఏ బౌలరు వచ్చినను ఒకటే వరుస. బంతి మైదానము దాటి పోవుచుండెను. జనము మైదానమునకు వచ్చుచుండెను. వార్త నగరమున పాకుటచే కచేరీలలోని గుమాస్తాలు సైతము పని విడిచి పరుగెత్తి వచ్చిరట. చోటు చాలక చెట్ల కొమ్మల నెక్కిరి, మేడలపై నిలిచిరి. ఒక బంతి జింఖానా భవనపు కప్పుపై పడెను. 116 నిమిషములలో నాయుడు 153 పరుగులు చేసెను. అందు సిక్సర్లు పదునొకండు, ఫోర్లు పదుమూడు. ఎం.సి.సి.వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి.

ఇది ఒక్కరోజు వేడుకగా ముగియలేదు. భారతీయులు టెస్టు పోటీలకు తగినవారని గిల్లిగన్ గ్రహించి, దేశమునకంతకు ఒక సంఘమును స్థాపించుకొనుడని ఇచటివారిని ప్రోత్సహించెను. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి యేర్పడెను. నాలుగేండ్లకు, 1932 జూన్ 25వ తేదీన, లండనునందలి లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడెను. ఆ పర్యటనకు నాయకుడు పోర్‌బందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాకుమారుడు. జట్టు నాయకత్వము రాజవంశీయులదే యను భావము ఆనాడు బలముగా నుండెను. మహారాజు తన ఆట అంతటి పోటీకి చాలదని తానే ఎరిగి తొలగుట మెచ్చుకొనదగిన పని. రాకుమారునికి గాయము తగిలెను. అందుచే రాజు కాని నాయుడు భారతదేశపు మొదటి టెస్టు నాయకుడయ్యెను. మొదటి దినము ఉదయముననే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్టులు పోగొట్టుకొనుట చూచి లండను ప్రేక్షకులు విస్తుపోయిరి. కడకు మనము 158 పరుగుల తేడాతో ఓడితిమి. బంతి నాపుటలో చేతికి దెబ్బ తగిలినను నాయుడు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసెను. మన జట్టులో అంతకు మించి చేసినవారు లేరు. ఆ పర్యటనలో మొత్తము మీద ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్టులు తీసెను. మరుసటి యేడు విజ్డెన్ అను ప్రఖ్యాత క్రికెట్ సంవత్సరగ్రంథము ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో ఒకనిగా ఆయనను ఎన్నుకొనెను. బర్మింగుహామునందు ఆయన కొట్టిన సిక్సరొకటి చెంతనున్న రీ అను చిన్న నదిని దాటి వేరొక జిల్లాలో పడెనని ఇప్పటికిని కథగా చెప్పుకొందురు.

1933–34లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడును ఆయనయే నాయకుడు. బొంబాయిలో జరిగిన మొదటి టెస్టున లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి, భారతదేశమునకు మొదటి టెస్టు శతకమును సంపాదించెను. ఆ ఇన్నింగ్సున వెన్నుదన్నుగా నిలిచి 67 పరుగులు చేసినవాడు నాయుడు.

1936లో చక్రము తిరిగెను. ఇంగ్లండు పర్యటనకు మండలి నాయుడును కాదని విజయనగర సంస్థానమునకు చెందిన మహారాజకుమారుని నాయకునిగా ఎన్నుకొనెను. ఆ మహారాజకుమారుడు ఈ విశాఖ ప్రాంతమువారికి పరాయివాడు కాడు; 1962లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికైన విజయానందుడే ఆయన. క్రికెట్టు కొరకు ధనమును నీళ్ళవలె వెచ్చించినవాడు. ఇంగ్లండునుండి హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాండ్రను రప్పించి తన జట్టున ఆడించినవాడు. కాని ధనముతో ఆటను పోషించుట వేరు, మైదానమున జట్టును నడుపుట వేరు. ఆ పర్యటనలో జట్టు రెండుగా చీలిపోయెను. అమర్‌నాథ్‌ను నడుమనే ఇంటికి పంపివేసిరి. నలుబదేండ్ల నాయుడు, నిన్నటి నాయకుడు, నేడు వరుసలో ఒకడుగా నిలిచి ఆడెను. ఓవల్ మైదానమున జరిగిన కడపటి టెస్టున గబ్బీ ఆలెన్ వేసిన వేగపు బంతి ఆయన రొమ్మునకు తగిలెను. ఒక్క క్షణము తూలి, మరల నిలిచి, 81 పరుగులు చేసెను. టెస్టులలో ఆయన చేసిన అత్యధికము అదియే. ఆయన ఆడిన చివరి టెస్టును అదియే. ఏడు టెస్టులు, 350 పరుగులు. పట్టికలో చూచువారికి ఇంతేనా యనిపించును.

ఆటగాడు నలుబదేండ్లు నిండినపిమ్మట బ్యాటును గోడకు చేర్చుట లోకసహజము. నాయుడు జీవితమున మిక్కిలి గొప్ప అధ్యాయము అప్పటికింకను మొదలు కాలేదు.

అది రంజీ ట్రోఫీ అధ్యాయము. 1934లో మన దేశమున సంస్థానములు, రాష్ట్రములు తమ తమ జట్టులను పంపి ఆడు జాతీయ పోటీ యొకటి ప్రారంభమయ్యెను. ఇంగ్లండున పేరుగాంచిన మన రంజిత్‌సింహ్‌జీ పేర దానిని రంజీ ట్రోఫీ యనిరి. ఆ కాలమున దాని నియమము కఠినమైనది. ఒక్కమారు ఓడిన జట్టు ఆ యేటికి ఇంటిదారి పట్టవలసినదే. మరల ఆడి సరిదిద్దుకొను అవకాశము లేదు. 1941–42 నుండి హోల్కరు సంస్థానము తన పేర జట్టును పంపసాగెను. ఇందూరు బొంబాయి వంటి మహానగరము కాదు. బొంబాయిలో వీధికొక మైదానము, మైదానమునకు పది జట్టులు. ఇందూరునకు కలిగినవి రెండే: ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చి పోషించు మహారాజు, వారిని తీర్చిదిద్దు నాయుడు.

ఆయన పద్ధతి సైనికుని పద్ధతి. వేళ తప్పుటను సహింపడు. దెబ్బ తగిలినదని మైదానమున చేయి రుద్దుకొనుటను సహింపడు. దానిచే ఎదుటి జట్టునకు ధైర్యము వచ్చునని ఆయన నమ్మకము. ఆయన పేరు చెప్పిన కుఱ్ఱవాండ్రు భయపడెడివారు. ఆ భయము వెనుక ఆయన తమకొరకు పడు శ్రమను ఎరిగినవారు గనుక విడిచిపోలేదు. ముస్తాక్ అలీని పసితనముననే గుర్తించి దరిచేర్చుకొన్నది నాయుడే. సర్వటే, జగ్దాలే, నింబాల్కర్, హీరాలాల్ గైక్వాడ్ మొదలగువా రొక్కరొక్కరుగా ఆ గొడుగు క్రిందికి వచ్చిరి. నాయుడు తమ్ముడు సి. ఎస్. నాయుడును, బంతిని మెలితిప్పి వేయుటలో దిట్ట, వారితో చేరెను.

1945 మార్చిలో హోల్కరు జట్టు తుదిపోటీన బొంబాయిని ఎదిరించెను. యుద్ధకాల మది. ఇంగ్లండు మేటి ఆటగాడు డెనిస్ కాంప్టన్ సైనికోద్యోగమున ఇందూరునకు చేరువ మౌ దండులో నుండుటచే ఆయనను హోల్కరు జట్టున ఆడించిరి. బొంబాయి మొదట 462 చేసెను. హోల్కరు 360 చేసెను. రెండవ ఇన్నింగ్సున బొంబాయి నాయకుడు విజయ్ మర్చంట్ 278 పరుగులు చేయగా, ఆ జట్టు 764 పరుగులకు ఎగబ్రాకెను. ఎండలో బంతి వెంట పరుగెత్తుచున్న హోల్కరువారి స్థితిని ఊహింపుడు. సి. ఎస్. నాయుడు ఆ ఒక్క ఆటలో రెండు ఇన్నింగ్సులును కలిపి 917 బంతులు వేసెను. అంతవరకు ఒక్క ఆటలో అన్ని బంతులు వేసినవాడు లోకమున లేడు. అన్న తమ్మునిపై దయ చూపలేదని కొందరందురు. తమ్ముడు గనుకనే అంత భారము మోపగలిగెననుట సరియైన మాట; పరాయి కుఱ్ఱవానికి ఆ శ్రమ నాయన చెప్పియుండడు.

గెలుపునకు హోల్కరువారు చేయవలసినవి 867 పరుగులు. ఎవరును చేయని సంఖ్య. చేయగలమని తలచుటయే సాహసము. అయినను ఆ జట్టు చేతులెత్తి కూర్చుండలేదు. మొదటి ఇన్నింగ్సున శతకము చేసిన ముస్తాక్ అలీ రెండవదానిలోను 139 చేసెను. కాంప్టన్ 249 చేసి ఔటు కాక నిలిచెను. తోడు నిలుచువారు ఒక్కొక్కరుగా వెడలిపోగా 492 పరుగులకు ఆట ముగిసెను. 374 పరుగుల తేడాతో ఓటమి. రెండు జట్టులును కలిసి చేసినవి 2,078 పరుగులు. అంతకు ముందు ఏ పెద్ద ఆటలోను అన్ని పరుగులు పుట్టలేదు.

మరుసటి యేడు అదే జట్టు మరల బయలుదేరెను. మైసూరుతో జరిగిన ఆటలో ఎనిమిది వికెట్టులకు 912 పరుగులు చేసెను. ఒక్క ఇన్నింగ్సులో ఆరుగురు శతకములు చేసిరి. ఆ ఆరుగురిలో నాయుడొకడు. తుదిపోటీ ఇందూరునందే, బరోడా జట్టుతో. ఏబదేండ్లు నిండిన నాయుడు ఆ ఆటలో 200 పరుగులు చేసెను. తాతలైనవారు పగటి నిద్ర తీయు వయసున, మనుమల యీడువారు వేయు బంతులకు ఎదురు నిలిచి గంటల తరబడి ఆడిన ఇన్నింగ్సు అది. హోల్కరు 56 పరుగుల తేడాతో గెలిచెను. ఆ రెండువందలలో మూడవవంతు తగ్గియుండినచో ఏమగునో లెక్క తెలిసినవా రెవరైనను చెప్పగలరు. ట్రోఫీ మొదటిసారి ఇందూరు చేరెను.

విజయమున కలిగిన సంతోషము సంవత్సరము కూడ నిలువలేదు. 1947లో అదే రెండు జట్టులు బరోడాలో కలిసికొనెను. హోల్కరు మొదట 202 పరుగులకే కూలెను. బరోడా జట్టులో విజయ్ హజారే, గుల్ మహమ్మద్ కలిసి నాలుగవ వికెట్టునకు 577 పరుగులు చేర్చిరి. హజారే 288, గుల్ మహమ్మద్ 319. లోకమున ఏ జోడియు, ఏ వికెట్టునకును అన్ని పరుగులు చేయలేదు. 2006లో శ్రీలంక ఆటగాండ్రు సంగక్కర, జయవర్ధన దానిని దాటువరకు ఆ మాట చెల్లెను. ఇన్నింగ్సు మీద 409 పరుగులతో హోల్కరు ఓడెను. ఇంత ఘోరమైన ఓటమి తరువాత ఏబదియొకటవ యేట నున్న నాయకుడు తప్పుకొనినచో ఎవరును తప్పుపట్టియుండరు. నాయుడు తప్పుకొనలేదు. జట్టును విప్పివేయను లేదు. 1948లో అదే ఇందూరు మైదానమున బొంబాయిని తొమ్మిది వికెట్టులతో ఓడించి, మూడేండ్ల నాటి బాకీ తీర్చుకొనిరి.

ఆ యేడే సంస్థానము మధ్యభారతమున విలీనమయ్యెను. రాజ్యము పోయెను, దర్బారు పోయెను, జట్టు పేరు మాత్రము హోల్కరుగానే మిగిలెను. పోషకుల అండ సన్నగిల్లిన ఆ దినములలో ఆ జట్టు చెదరిపోవునని తలచుట సహజము. 1950లో బరోడా చేత తుదిపోటీన ఓడిరి. 1951లో గుజరాతును 189 పరుగులతో ఓడించి మూడవసారి ట్రోఫీ గెలిచిరి.

1952లో తుదిపోటీ బొంబాయిలో. బొంబాయి పక్షమున దత్తూ ఫడ్కర్ వేగముగా బంతులు వేయుచుండెను. ఒక బంతి నేల నుండి లేచి నాయుడు నోటికి తగిలెను. పండ్లు ఊడి పిచ్చిపై పడెను. నోట రక్తము కారెను. ఆయనకు అప్పుడు ఏబదియారేండ్లు. ఎదుటి జట్టువారు ఆందోళనతో చుట్టు చేరిరి. నాయుడు వైద్యుని వలదని, బ్యాటుతో ఆ పండ్లను పిచ్చి మీదినుండి ప్రక్కకు ఊడ్చి, తన చోటికి పోయి నిలిచి, తరువాతి బంతిని వేయుమని సైగ చేసెను. ఫడ్కర్ జంకి తరువాతి బంతులను మెల్లగా వేయగా నాయుడు దానికి ఒప్పుకొనలేదనియు, మునుపటివలెనే వేయుమనెననియు చెప్పుదురు. ఆ యేడు హోల్కరు 531 పరుగులతో ఓడెను. ఓడిన ఆటయే అయినను బొంబాయివారు తమ గెలుపుకంటె ఆ దృశ్యమునే ఎక్కువ కాలము చెప్పుకొనిరి.

1953లో కలకత్తాలో బెంగాలుతో తుదిపోటీ. మొదటి ఇన్నింగ్సు ఆధిక్యముపై హోల్కరు గెలిచెను. నాయుడు నాయకత్వమున అది ఎనిమిదవ తుదిపోటీ, నాలుగవ విజయము. తొమ్మిది సంవత్సరములలో, ఒక్క 1949 తప్ప, ప్రతి యేడు తుది ఆటలో హోల్కరు జట్టు ఉండెను. నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు: తూచినచో త్రాసు సమముగా నిలుచును. ప్రతి ఓటమి తరువాత ఆ మైదానమునకే తిరిగి వచ్చిరనుట మాత్రము త్రాసున వేయరానిది.

ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించెను. కర్నూలు రాజధాని. క్రొత్త రాష్ట్రమునకు క్రొత్త క్రికెట్ సంఘము, దానికొక క్రొత్త జట్టు. అంతవరకు ఇచటి ఆటగాండ్రు మద్రాసు జట్టున చోటు దొరికినచో ఆడవలసినవారు. తమ పేర రంజీ ట్రోఫీన దిగుట 1953–54లోనే మొదలు. ఆ తొలి జట్టునకు నాయకత్వము వహించినవాడు కర్నల్ నాయుడు. నాలుగుమారులు జాతీయ విజేతలైనవారిని నడిపినవాడు, పెద్ద ఆట ఎట్లుండునో ఇంకను చూడని యువకులను వెంట నిడుకొని మైదానమున దిగెను. తాను విడిచివచ్చిన హోల్కరు జట్టు ఆ యేడును తుదిపోటీకి చేరెను. తాను చేరిన ఆంధ్ర జట్టు ఆ ఛాయలకు పోగలది కాదు. ఆయన ఆ సంగతి ఎరుగక వచ్చెనని తలచుట పొరపాటు. తాతముత్తాతలు విడిచిన నేల పేరు టోపీపై ధరించి ఆయన ఆడినది ఆ యేడు మాత్రమే.

హోల్కరు జట్టు 1955 వరకు నిలిచెను. ఆ యేడు తుదిపోటీన మద్రాసు చేత ఓడిన పిమ్మట ఆ పేరే పోటీనుండి తొలగిపోయెను. నాయుడు అప్పటికిని బ్యాటు దించలేదు. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదము నిచ్చెను. 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టునకు నాయకుడై, రాజస్థానుపై 84 పరుగులు చేసెను. రంజీ ట్రోఫీలో తన చివరి ఆటయందు బొంబాయిపై 52 చేసి, ఎవరి బంతికిని చిక్కక, పరుగు తీయుటలో ఔటయ్యెను. అరువది యొక్క యేండ్ల కాళ్ళు ఆ ఒక్క పరుగునకు చాలలేదు. 1963–64లో, అరువదియెనిమిదవ యేట, ఒక ధర్మార్థపు ఆటలో కడసారి దిగెను. 1916లో మొదలిడి ఆరు దశాబ్దములందును పెద్ద ఆటలలో ఆయన పేరు కనిపించును. మొత్తము 207 ఆటలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్టులు.

1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇందూరునందు ఆయన కన్నుమూసెను. కుమార్తె చంద్ర నాయుడు ఆంగ్ల అధ్యాపకురాలై, తరువాత మన దేశమున క్రికెట్టు ఆటను ఆకాశవాణిలో వర్ణించి చెప్పిన తొలి మహిళగా పేరొంది, తండ్రి జీవితమును గ్రంథముగా వ్రాసెను. 1973–74 నుండి క్రికెట్ మండలి యువకుల జట్టులకొరకు కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ యను పోటీని జరుపుచున్నది. ఆయా రాష్ట్రముల కుఱ్ఱవాండ్రు అందు ఆడుదురు. ఆంధ్ర జట్టును ప్రతి యేడు ఆడును. రుషికొండ యిసుకలో బ్యాటు పట్టిన బాలుడు ఎన్నడైన ఆ జట్టునకు ఎన్నిక కావలెనన్నచో, మొదట ఆడవలసిన పెద్ద పోటీలలో ఆ పేరుగలది యొకటి.